చెయ్యి కింద చెయ్యి

అందరికీ నమస్కారం. పాకాల, పుత్తూరు, చంద్రగిరి వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి తిరుపతికి వచ్చిన అమ్మలకు, అంగన్‌వాడీ టీచర్లకు మరీ మరీ నమస్కారం.

చూపూ, వినికిడీ రెండూ లేని బిడ్డకు మాట నేర్పడం అనగానే అందరికీ హెలెన్ కెల్లర్ గుర్తొస్తుంది. 1887 ఏప్రిల్‌లో, అమెరికాలోని అలబామాలో, పంపు నీళ్లు ఒక చేతి మీద పడుతుండగా టీచర్ ఆన్ సలివన్ రెండో చేతిలో ‘వాటర్’ అని వేళ్లతో ఒక్కో అక్షరం రాసింది. ఆ పాపకు అర్థమైపోయింది. నిజంగా జరిగిందే. అయితే హెలెన్‌కు జబ్బు చేసింది 19 నెలల వయసులో. అప్పటికే ఆ పిల్ల లోకాన్ని చూసింది, మాటలు వింది. తల్లి కడుపుతో ఉన్నప్పుడు రుబెల్లా అనే వైరస్ సోకడం వల్ల శుక్లాలతో, చెవుడుతో పుట్టిన బిడ్డ సంగతి వేరు. వస్తువుకు ఒక పేరుంటుందన్న సంగతే ఆ బిడ్డకు తెలియదు. అక్షరాల దాకా వెళ్లే ముందు నడవాల్సిన దారి చాలా ఉంది.

చంద్రగిరి దగ్గర పల్లెలో నాలుగేళ్ల పాప ఇంటికి వెళ్లేదాన్ని. ఎవరు ముట్టుకున్నా ఏడుపే. ఎందుకు ఏడవదు చెప్పండి? ఉన్నట్టుండి ఎవరో ఎత్తుకుంటారు, నెత్తిన నీళ్లు పోస్తారు, నోట్లో ముద్ద పెడతారు. ఏదీ ముందు తెలియదు. ఆ పాపకు ఇష్టమైంది ఒక్కటే, చీర ఊయల. అక్కడే మొదలుపెట్టాం. అవ్వ ఊపుతుంది, ఆపేస్తుంది. ఆపి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడమే కష్టం! పాపం, అవ్వ ప్రాణం ఆగేది కాదు, ఐదు సెకన్లకే ఊపేసేది. నేను అవ్వ చెయ్యి పట్టుకుని ఇరవై దాకా లెక్కపెట్టించేదాన్ని. పదకొండో రోజు, ఊయల ఆగగానే పాప నడుము కొంచెం ముందుకు కదిలించింది. ‘ఇంకా’ అన్నమాట. మేమిద్దరం ఏడ్చేశాం.

తర్వాత వస్తువులు. స్నానానికి ముందు చేతికి చెంబు, అన్నానికి ముందు స్పూను, బయటికెళ్లే ముందు చెప్పు. రోజూ అవే, అదే వరుసలో. మనుషులకూ గుర్తులుండాలి. అవ్వ వచ్చిందంటే గాజులు తడిమిస్తుంది, నాన్న వాచీ తడిమిస్తాడు. చెప్పకుండా ఎవరూ ఎత్తుకోకూడదు.

ఇక ఒక్క విషయం చేతులెత్తి మొక్కి చెబుతున్నా. బిడ్డ చెయ్యి గట్టిగా పట్టుకుని గ్లాసు మీద పెట్టేయకండి. ఆ చేతులే వాళ్లకు కళ్లు, చెవులు, నోరు. మన చెయ్యి కింద ఉండాలి, బిడ్డ చెయ్యి పైన ఉండాలి. మన చెయ్యి గ్లాసు వైపు వెళ్తుంటే బిడ్డ చెయ్యి తోడొస్తుంది. ఇష్టం లేకపోతే తీసేసుకుంటుంది, తీసుకోనివ్వండి. సైగలు కూడా ఇలాగే నేర్పుతాం. బ్రెయిలీ చుక్కలు ఆ తర్వాతి సంగతి.

పూర్తి చీకటి, పూర్తి నిశ్శబ్దం ఉండే పిల్లలు తక్కువే. కాబట్టి ఎంత చూపుంది, ఎంత వినికిడి ఉంది అన్నది పరీక్ష చేయించండి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడ టీచర్‌ను కలవండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ రెండూ కలిసిన వైకల్యాన్ని బహుళ వైకల్యాల కింద ‘డెఫ్‌బ్లైండ్‌నెస్’ అని పేరు పెట్టి చెప్పారు. సర్టిఫికెట్ అడిగేటప్పుడు ఆ మాట స్పష్టంగా చెప్పండి.

ఆ పాపకు ఇప్పుడు ఆరేళ్లు. పోయిన నెల మధ్యాహ్నం అవ్వ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. పాప గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి, గాజులు తడిమి అవ్వే అని చూసుకుని, ఒక చెప్పు తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. ఎండ మండిపోతోంది. అయినా ఇద్దరూ వీధి చివర వేపచెట్టు దాకా వెళ్లొచ్చారు.