పాత ల్యాప్‌టాప్‌కి వైఫై అందాలంటే

శ్రోతలకు నమస్కారం.

అటక మీద పడున్న పాత ల్యాప్‌టాప్ సంగతి అడిగితే, "దానికి వైఫై రావట్లేదండీ, కార్డు పోయినట్టుంది" అంటారు. కార్డు, అంటే లోపల వైఫై సిగ్నల్ అందుకునే చిన్న భాగం, నిజంగా పోవడం అరుదు. దాన్ని పారేయకముందు కొన్ని చూడాలి.

ముందు అంచుల వెంట వేలితో తడిమి చూడండి. ఆ కాలపు మోడళ్లలో గోరుతో జరిపే చిన్న స్విచ్ ఉండేది. సంచిలో పెట్టి తీసేటప్పుడు అది పక్కకి జరిగిపోతుంది. అది ఆఫ్‌లో ఉంటే సెట్టింగుల్లో ఎంత వెతికినా దండగే. స్విచ్ లేకపోతే కీబోర్డు పైవరుసలో టవర్ బొమ్మ ఉన్న కీ చూసి, ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కండి.

ఫోనులో కనిపించే నెట్‌వర్క్ పేరు ల్యాప్‌టాప్‌లో కనిపించడం లేదా? చాలా రౌటర్లు వైఫైని 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు రకాల తరంగాల మీద పంపుతాయి. పాత కార్డుల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు, 5 గిగాహెర్ట్జ్ అసలు వినపడదు. రౌటర్ సెట్టింగుల్లో 2.4కి వేరే పేరు పెట్టండి. ఛానెల్, అంటే ఆ తరంగాల్లో రౌటర్ వాడుకునే భాగం, ఆటోలో ఉంటే 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి. మన దేశంలో రౌటర్ 12, 13 కూడా వాడుకోవచ్చు, అమెరికా లెక్కన తయారైన కార్డు వాటిని చూడలేదు.

పాస్‌వర్డ్ సరైనదే అయినా ఒప్పుకోకపోతే భద్రత రకం చూడండి. వైఫైకి తాళం వేసే పద్ధతుల్లో కొత్తదైన డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో. అంతకుముందు కార్డులు చాలావరకు డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ అనే రకం దగ్గరే ఆగిపోయాయి. రౌటర్‌లో 2.4కి అదే పెట్టండి. అంతకన్నా పాతదైన డబ్ల్యూఈపీకి మాత్రం దిగొద్దు, దాన్ని నిమిషాల్లో ఛేదించేస్తారు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయాక దాని బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకునేవారికి ఇంకో చిక్కుంది. ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్ తెరిచి ఎల్, ఎస్, పి, సి, ఐ అని ఐదు అక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో బ్రాడ్‌కామ్ అన్న కంపెనీ పేరు ఉంటే డ్రైవర్, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, విడిగా వేయాల్సి రావచ్చు. డ్రైవర్ దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి! దీనికి మీ ఆండ్రాయిడ్ ఫోనే మందు. కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, ఫోన్ ఇంటర్నెట్ ల్యాప్‌టాప్‌కి అందుతుంది. ఫోను ఇంటి వైఫైలో ఉంటే మీ డేటా కూడా ఖర్చవదు. ఆ ఆప్షన్ వెలగకపోతే కేబుల్ మార్చి చూడండి, కొన్ని కేబుళ్లు చార్జింగుకే పనికొస్తాయి. తర్వాత డ్రైవర్ మేనేజర్‌లో అది చూపించిన డ్రైవర్ ఎంచుకుని, రీస్టార్ట్ చేయాలి.

రిపేరుకిచ్చి తెచ్చాక రౌటర్ పక్కన కూర్చుంటేనే సిగ్నల్ వస్తోందంటే, లోపల యాంటెన్నా తీగలు ఊడి ఉండొచ్చు. సన్నటి తీగలు, సాధారణంగా ఒకటి నలుపు, ఒకటి తెలుపు. పవర్, బ్యాటరీ తీసేశాక, కార్డు మీది గుండ్రటి గుబ్బపై నిటారుగా పెట్టి టక్కుమనేదాకా నొక్కాలి. ఏటవాలుగా నొక్కితే గుబ్బ విరుగుతుంది.

కార్డే పోతే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనడం మేలు. కొన్ని పాత హెచ్‌పీ, లెనోవో మోడళ్లు తమ జాబితాలో లేని కార్డు పెడితే స్టార్టే కావు.

చివరిగా ఇది చూడండి. వైఫై గుర్తు నిండుగా ఉన్నా ఏ సైటూ తెరుచుకోదు, సర్టిఫికెట్ తప్పు అంటుంది. అప్పుడు ల్యాప్‌టాప్‌లో తేదీ చూడండి. ఏ 2009లోనో ఉంటే సరిచేయండి, సైట్లు తెరుచుకుంటాయి. ఆపి, ప్లగ్ తీసి, మళ్లీ పెట్టినప్పుడు తేదీ వెనక్కి పోతుంటే లోపలి నాణెం బ్యాటరీ మార్చాలి. చాలా మోడళ్లలో అది సీఆర్2032.