చేతిరాతలో దేవుని మాట

శ్రోతలకు నమస్కారం.

తెలుగు బైబిలు చదివేవాళ్లకు ‘దైవావేశము’ అనే మాట బాగా తెలుసు. తిమోతికి రాసిన రెండో పత్రిక 3వ అధ్యాయం 16వ వచనంలో, లేఖనం దైవావేశం వలన కలిగిందని ఉంటుంది. ఆవేశం అనగానే మనకు జాతరలో పూనకం గుర్తొస్తుంది. ఒళ్లు తెలియని మనిషి నోట ఇంకెవరో పలకడం. కానీ అక్కడున్న గ్రీకు మాట ‘థెయోప్నెయుస్తోస్’. అంటే దేవుడు ఊదినది, దేవుని ఊపిరి తగిలినది. ఆదికాండంలో మట్టి మనిషి ముక్కులో దేవుడు ఊదాడు, అతను ప్రాణంతో లేచాడు. అయినా మట్టి మట్టిగానే ఉంది. లేఖనాన్నీ అలాగే చూడాలని నా నమ్మకం.

ఎందుకంటే రాసినవాళ్లు ఈ పుస్తకంలో ఎక్కడికక్కడ కనిపిస్తారు. లూకా తన సువార్త మొదట్లోనే, అన్నీ జాగ్రత్తగా విచారించి రాస్తున్నానని చెప్పుకుంటాడు. పౌలు చెబుతుంటే రోమా పత్రిక రాసిపెట్టిన తెర్తియు, చివర్లో తన వందనాలు కూడా కలిపేస్తాడు. కొరింథులో ఎవరెవరికి బాప్తిస్మం ఇచ్చాడో చెబుతూ పౌలు, స్తెఫను ఇంటివాళ్లకూ ఇచ్చాను, ఇంకెవరికైనా ఇచ్చానేమో తెలియదు అంటాడు. ఆ మరుపు కూడా లేఖనమే! ఆ వచనం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు పౌలు మరీ దగ్గరివాడిలా అనిపిస్తాడు.

ప్రత్యక్షత అంటే తెర తొలగడం, దేవుడు తనను తాను తెలియజేసుకోవడం. పూర్వం ప్రవక్తల ద్వారా మాట్లాడిన దేవుడు చివరికి కుమారుని ద్వారా మాట్లాడాడని హెబ్రీ పత్రిక మొదలవుతుంది. అందుకే క్రైస్తవులకు దేవుని మాట ముందుగా ఒక మనిషి, యేసు. లేఖనం ఆయనకు సాక్ష్యం. ఏవి లేఖనాలో తేలడానికీ కాలం పట్టింది. ఇప్పటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాలూ సరిగ్గా కనిపించే జాబితా అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ 367లో రాసిన లేఖలో ఉంది. పాత నిబంధనతో కలిపితే బైబిల్లో ప్రొటెస్టెంట్లకు 66 పుస్తకాలు, కేథలిక్కులకు 73. లేఖనాలు రాసిన మనుషులు నిజమైన రచయితలేనని కేథలిక్ బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1965లో స్పష్టంగా చెప్పింది.

ఇదంతా నాకు ఒక్క కథలో కనిపిస్తుంది. యిర్మీయా 36వ అధ్యాయం. క్రీ.పూ. 605 ప్రాంతం, యెరూషలేము. ప్రవక్త యిర్మీయా చెబుతుంటే ఆయన లేఖకుడు బారూకు పుస్తకపు చుట్ట మీద రాశాడు. ఈ మాటలన్నీ ఎలా రాశావని అధికారులు అడిగారు. ఆయన నోటితో చెప్పాడు, నేను సిరాతో రాశాను అన్నాడు బారూకు. అంతే. చలికాలం, రాజు యెహోయాకీము ముందు కుంపటి మండుతోంది. మూడు నాలుగు పుటలు చదివి వినిపించగానే రాజు చాకుతో కోసి నిప్పుల్లో వేయడం, మళ్లీ చదవడం, మళ్లీ కోయడం. చుట్టంతా కాలిపోయింది.

యిర్మీయా ఇంకో చుట్ట తీసుకుని బారూకు చేతికిచ్చాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాడు. కాలిపోయిన మాటలన్నీ రాశారు. అలాంటివే ఇంకా ఎన్నో కలిపారు.