హెచ్‌ఎఫ్‌ఎంకు అలవాటుపడ్డవాడు ఎఫ్‌సీసీఎస్‌లో రూల్ రాస్తే

నమస్కారం. అసలు సంగతిలోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. ఒరాకిల్ ఫైనాన్షియల్ కన్సాలిడేషన్ అండ్ క్లోజ్, అంటే గ్రూపులోని సంస్థలన్నిటి ఖాతాలను ఒక్కటిగా కలిపే (దీన్నే కన్సాలిడేషన్ అంటారు), మనమందరం ఎఫ్‌సీసీఎస్ అని పిలుచుకునే సాఫ్ట్‌వేర్‌ను, కంపెనీలలో అమలు చేసిపెట్టే ఒక కన్సల్టింగ్ సంస్థ నాకు నెల రోజుల పాటు ఉచితంగా వాడుకోవడానికి ఇచ్చింది. నేను డబ్బు తీసుకోలేదు, స్క్రిప్టును వారికి ముందుగా చూపించలేదు. అయినా ఉప్పు తిన్నవాడి మాట కొంత మెత్తగానే వస్తుంది, ఆ మేరకు తగ్గించుకుని వినండి. ఎన్ని డైమెన్షన్లు (సంస్థ, అకౌంట్, నెల లాంటి, అంకెలను వర్గీకరించే కోణాలు) ఉన్నాయి, లైసెన్సు ఎలా ఇస్తారు, ఏ రిపోర్టులు వస్తాయి అన్నవి మీరు ఈపాటికే చూసి ఉంటారు కనుక వాటి జోలికి పోను. ఈ వీడియో అంతా ఒక్క పని గురించే: లెక్కల రూల్ రాయడం.

నేను హైదరాబాద్‌లో కూర్చుని, ఎక్కడెక్కడి గ్రూపుల ఖాతాలనో హెచ్‌ఎఫ్‌ఎంలో, అంటే ఇదే పని చేసే ఒరాకిల్ పాత సాఫ్ట్‌వేర్ హైపీరియన్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో, పదకొండేళ్లు ముగించినవాడిని. అక్కడ రూల్స్ అన్నీ వీబీస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఒకే ఫైలులో ఉండేవి. క్యాలిక్యులేట్ అని ఒక భాగం, ట్రాన్స్‌లేట్ అని ఒకటి, కన్సాలిడేట్ అని ఇంకొకటి, వాటి కింద ఏళ్ల తరబడి వచ్చి వెళ్లినవారు రాసిన వేల పంక్తులు. ‘దీన్ని తీయవద్దు, ఎందుకో తెలియదు’ అని ఎవరో రాసిపెట్టి వెళ్లిన పంక్తి లేని రూల్ ఫైలును నేను ఇంతవరకు చూడలేదు. గత ఏడాది ముగింపు నిల్వను ఈ ఏడాది ప్రారంభ నిల్వగా తెచ్చుకోవాలన్నా దానికీ మనమే రూల్ రాసుకోవాలి. ఆ పంక్తిలో ఒక అకౌంట్ పేరు తప్పిపోతే బ్యాలెన్స్ షీట్ కలవక, తెల్లవారుజాము దాకా కుర్చీలోనే ఉండేవాళ్లం.

2016లో వచ్చిన ఎఫ్‌సీసీఎస్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ప్రారంభ నిల్వను తేవడం, కరెన్సీ మార్చడం, ఇంటర్‌కంపెనీ ఎలిమినేషన్ చేయడం (గ్రూపు సంస్థల మధ్య జరిగిన లావాదేవీలను తీసివేయడం) అనే పనుల వరుస మన చేతిలో ఉండదు. అది వ్యవస్థలోనే ఉంది. మనకు మిగిలేవి ఆ వరుస మధ్యలో ఆరు ఖాళీ చోట్లు, వాటికి 10 నుంచి 60 వరకు పదేసి తేడాతో అంకెలు వేశారు. సంస్థ సొంత కరెన్సీ దశలో రెండు, కరెన్సీ మార్చిన తర్వాతి దశలో రెండు, కన్సాలిడేషన్ దశలో రెండు. ప్రతి జంటలో మొదటిది ప్రారంభ నిల్వ వచ్చిన వెంటనే నడుస్తుంది, రెండోది ఆ దశ చివర నడుస్తుంది. ఏ సంస్థ, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది అప్పటికే వ్యవస్థ నిర్ణయించి ఉంటుంది కనుక ఆ పరిధిని మనం రూల్‌లో మళ్లీ రాయనక్కరలేదు. మొదటి రెండు రోజులు నాకిది చేతులు కట్టేసినట్లు అనిపించింది. మూడో రోజున, పరాయివారు రాసిన రూల్‌ను తెరిచి, అది ఎప్పుడు నడుస్తుందో పేరులోని అంకెను బట్టే చెప్పగలిగినప్పుడు, పదకొండేళ్లు ఇది లేకుండా ఎలా బతికానా అనిపించింది.

ఒక లెక్క చూపిస్తాను. మాతృసంస్థ తన అనుబంధ సంస్థకు కోటి రూపాయల సరుకు అమ్మింది. ఏడాది చివరికి అందులో 30 లక్షల సరుకు ఇంకా గోదాములోనే ఉంది. అమ్మకపు ధర మీద లాభం 20 శాతం. గ్రూపు కోణంలో ఆ సరుకు ఇంకా ఇంట్లోనే ఉన్నట్లు కనుక అందులోని 6 లక్షల లాభాన్ని తీసివేయాలి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ 20 శాతం అమ్మకపు ధర మీదా, కొన్న ఖర్చు మీదా అని అకౌంట్స్ వారిని అడగకుండా రూల్ రాయకండి. ఖర్చు మీదైతే తీయవలసింది 5 లక్షలే. ఏ సాఫ్ట్‌వేరూ ఈ ప్రశ్నను మీ తరఫున అడగదు.

నేను ఈ గుణకారాన్ని 20లో, అంటే సొంత కరెన్సీ దశ చివర, చేసి ఫలితాన్ని ఒక మెమో అకౌంట్‌లో, అంటే లెక్క కోసమే పక్కన ఉంచుకునే అకౌంట్‌లో, పెట్టాను. తర్వాత 60లో ఆ మొత్తాన్ని సరుకు నిల్వ నుంచి తగ్గించి, అమ్మిన సరుకు ఖర్చుకు కలిపాను. గుణకారం 20లోనే ఎందుకు అంటే, దాని వెనుక నా పాత తప్పు ఒకటి ఉంది. హెచ్‌ఎఫ్‌ఎం రోజుల్లో ఒక భారతీయ గ్రూపుకు ఇదే రూల్ రాస్తూ, లాభ శాతాన్ని ఉంచే అకౌంట్‌ను పొరపాటున ఆస్తి రకంగా పెట్టాను. ఆస్తి అంటే ముగింపు రేటుతో కరెన్సీ మారుతుంది. అనుబంధ సంస్థ ఖాతాలు డాలర్లలో ఉన్నాయి, రేటు 83. నా 0.20 కాస్తా రూపాయల్లోకి మారి 16.6 అయింది, 30 లక్షల సరుకు మీద తీయవలసిన లాభం 4 కోట్ల 98 లక్షలుగా వచ్చింది, గ్రూపు సరుకు నిల్వ మైనస్‌లోకి వెళ్లింది. నాకంటే ముందు ఆడిటర్ చూశారు. అప్పటి నుంచి శాతంతో పని ఉన్న ఏ లెక్కనైనా కరెన్సీ మారకముందే ముగించేస్తున్నాను. పేరులోనే దశ కనిపించే ఈ ఆరు చోట్లు అలాంటి జాగ్రత్తకు చక్కగా కుదురుతాయి.

ఇక కోపం వచ్చిన చోటు. 20లో రూల్ రాశాను, వ్యాలిడేట్ చేశాను, తప్పులు లేవన్నది. కన్సాలిడేషన్ నడిపాను, విజయవంతం అన్నది. ఫారం తెరిస్తే మెమో అకౌంట్ గడి ఖాళీగా ఉంది. సున్నా కూడా లేదు. గంటన్నర సేపు పేర్లలో తప్పు వెతికాను. తప్పు పేర్లలో లేదు. ఎఫ్‌సీసీఎస్ కింద నడిచేది ఎస్‌బేస్ అనే డేటాబేస్. అది అంకెలను బ్లాకులుగా దాచుకుంటుంది. స్పార్స్ డైమెన్షన్ల, అంటే కొద్ది కలయికల్లోనే డేటా ఉండేవాటి, ఏ కలయికలో డేటా ఉంటే దానికే బ్లాకు ఉంటుంది; డెన్స్ డైమెన్షన్లు ఆ బ్లాకు లోపల ఉంటాయి. నాకిచ్చిన అప్లికేషన్‌లో అకౌంట్ డెన్స్, డేటా సోర్స్ (అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే డైమెన్షన్) స్పార్స్. నేను సమీకరణంలో ఎడమవైపు అకౌంట్‌ను పెట్టి, ఫలితాన్ని సర్దుబాట్ల డేటా సోర్స్‌లో రాయమన్నాను. ఆ డేటా సోర్స్‌లో అంతవరకు ఏ అంకే లేదు కనుక బ్లాకు లేదు, ఎడమవైపు డెన్స్ డైమెన్షన్‌లోని అంశం ఉంటే ఎస్‌బేస్ కొత్త బ్లాకును పుట్టించదు. ఎడమవైపు, కుడివైపు డేటా సోర్సులను పెట్టి, అకౌంట్‌ను పరిధిలోకి తీసుకెళ్లి అదే గుణకారాన్ని తిరగరాస్తే, 6 లక్షలు వెంటనే వచ్చి కూర్చున్నాయి.

ఎస్‌బేస్ తెలిసినవారు ఇది మొదటి పాఠమని నవ్వుతారు, నవ్వనివ్వండి. మన దగ్గర ఈ పని చేస్తున్న వారిలో ఎక్కువమంది అకౌంట్స్ నుంచి వచ్చినవారు. డెబిట్, క్రెడిట్ తెలిసిన మనిషికి, సరైన లెక్క రాసినా గడి ఖాళీగా ఎందుకుందో ఈ తెరమీద ఎక్కడా జవాబు దొరకదు. హెచ్‌ఎఫ్‌ఎం దోషం దీనికి సరిగ్గా ఎదురుగా ఉండేది. అక్కడ కస్టమ్ డైమెన్షన్లను, అంటే మన అవసరానికి మనమే నిర్వచించుకునేవాటిని, పేర్కొనకుండా వదిలేస్తే చెల్లుబాటయ్యే ప్రతి కలయికలోనూ లెక్క చేసి, సున్నాలతో డేటాబేస్‌ను నింపి, కన్సాలిడేషన్‌ను నత్తనడకకు తెచ్చేది. అయినా నాకు ఆ అతి వాగుడే నయమనిపిస్తుంది, ఎందుకంటే అది కంటికి కనిపించేది, గడియారంలో తెలిసేది. ఇక్కడి మౌనం, ఎవరో గడి తెరిచి చూసేదాకా ఎవరికీ తెలియదు.

బొమ్మలు లాగి రూల్ కట్టే పద్ధతి కూడా ఉంది, చూడడానికి బాగుంది, రెండు షరతులు దాటగానే నేను స్క్రిప్టుకే తిరిగివచ్చాను.

నా తీర్పు ఇదీ. హెచ్‌ఎఫ్‌ఎం రూల్ ఫైలుతో కుస్తీ పట్టి అలసినవారు, ముఖ్యంగా ప్రారంభ నిల్వల దగ్గర దెబ్బతిన్నవారు, నిస్సంకోచంగా దీనివైపు రావచ్చు. ఆ ఆరు చోట్ల కోసమైనా రావచ్చు. కానీ కంపెనీల చట్టం 2013లోని 129వ సెక్షన్ ప్రకారం కన్సాలిడేటెడ్ ఖాతాలు ఇవ్వవలసివచ్చి, నాలుగైదు అనుబంధ సంస్థల లెక్కను ఎక్సెల్‌లో నెట్టుకొస్తున్నవారు, ఎస్‌బేస్ తెలిసిన ఒక మనిషిని జట్టులోకి తెచ్చుకోకుండా దీన్ని కొనకండి. నా ట్రయల్ ఇంకా తొమ్మిది రోజులుంది. ఖాళీ గడి వచ్చిన రూల్, అంకె వచ్చిన రూల్ రెండింటినీ అందులో పక్కపక్కనే ఉంచాను. వచ్చే వీడియోలో వాటిని పంక్తి పంక్తిగా తెరిచి చూపిస్తాను.