సెనేటర్ ఎంగిల్ ఓటు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పడం మర్యాద, కానీ నాకిచ్చింది పది నిమిషాలే, మన్నించండి. పౌరహక్కుల చట్టాల్లో అమెరికా అధ్యక్షుల పాత్ర గురించి మాట్లాడమన్నారు. లింకన్‌తో మొదలుపెట్టి కాగితం రాసుకొచ్చాను. దాన్ని పక్కన పెడుతున్నాను. ఇందాక కాఫీ దగ్గర ఒక తమ్ముడు అన్నాడు: "మనం చదువుకుని వచ్చాం అంకుల్, నల్లవాళ్ళ గొడవ మనకెందుకు?" అప్పటినుంచీ నా మనసు కుదురుగా లేదు.

1963 జూన్‌లో అధ్యక్షుడు కెన్నెడీ పౌరహక్కుల బిల్లు తెస్తానన్నాడు, నవంబరులో హత్యకు గురయ్యాడు. ఆయన తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ ఆ బిల్లును భుజాన వేసుకున్నాడు. సెనేట్‌లో దక్షిణాది సభ్యులు రోజుల తరబడి మాట్లాడుతూనే ఉన్నారు, ఓటింగు జరగకుండా. వాళ్ళను ఆపాలంటే 67 ఓట్లు కావాలి. పౌరహక్కుల బిల్లుకు అన్ని ఓట్లు అంతకుముందు ఒక్కసారీ రాలేదు.

1964 జూన్ 10. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కణితి. మాట పోయింది. చక్రాల కుర్చీలో సభకు తీసుకొచ్చారు. పేరు పిలిచారు. నోరు పెగల్లేదు. అప్పుడాయన చెయ్యెత్తి తన కన్ను చూపించాడు. ఆ సభలో అవునంటే 'ఐ' అంటారు, కన్నుకీ అదే పలుకు. అమ్మా, ఆ వెనక కూర్చున్నవాళ్ళూ వినండి, కన్ను చూపించి ఓటేశాడు! ఆ ఉపన్యాసాలు ఆపాలని 71 మంది, వద్దని 29 మంది. జూలై 2న జాన్సన్ సంతకం చేశాడు. అదే నెల 30న ఎంగిల్ కన్నుమూశాడు.

ఆ జాన్సనే అంతకుముందు ఏళ్ళ తరబడి ఇలాంటి బిల్లులకు వ్యతిరేకంగా ఓటేశాడు. ఆ మనిషి మారాడు. కానీ 1965 మార్చి 7న అలబామా రాష్ట్రంలోని సెల్మా వంతెన మీద, నల్లవాళ్ళ ఓటుహక్కు కోసం నడిచి లాఠీదెబ్బలు తిన్నవాళ్ళు లేకపోతే, ఆగస్టులో ఓటుహక్కు చట్టం అంత త్వరగా వచ్చేదా? రాదనే నా నమ్మకం.

టైమైందని చీటీ పంపారు. ఒక్క నిమిషం. తమ్ముడూ, ఎక్కడున్నావు? అదే ఏడాది అక్టోబరు 3న, లిబర్టీ విగ్రహం దగ్గర, అదే జాన్సన్ ఇంకో చట్టం మీద సంతకం చేశాడు. అంతకుముందు వలసలకు దేశాన్నిబట్టి, పుట్టుకనుబట్టి కోటా. రంగునుబట్టి మనిషిని ఆపడం తప్పని రోడ్డెక్కినవాళ్ళ పోరాటమే ఆ కోటానూ కదిల్చింది. 1971లో నేను దిగింది ఆ చట్టం తెరిచిన దారిలోనే. నా డిగ్రీ అప్పుడూ ఉంది, దారి లేకపోతే అది గుంటూరులో పెట్టెలోనే ఉండేది.

పాత కోటాలో భారతదేశం మొత్తానికీ ఏడాదికి 100 మంది. ఈ హాల్లో కుర్చీలెన్నో ఒకసారి లెక్కపెట్టండి.