డియేగో గొడీన్ కెరీర్ రివ్యూ: వేగం లేదు, అయినా దాటలేకపోయారు

నమస్తే అండి. ఈసారి రివ్యూ ఒక మ్యాచ్‌ది కాదు, ఒక మొత్తం కెరీర్‌ది. ఉరుగ్వే సెంటర్ బ్యాక్ (డిఫెన్స్ మధ్యలో ఆడేవాడు) డియేగో గొడీన్. 2023లో అర్జెంటీనా క్లబ్ వేలెజ్ సార్స్‌ఫీల్డ్‌కి ఆడుతూ రిటైర్ అయ్యాడు.

యూట్యూబ్‌లో అతని పేరు కొట్టి చూడండి. వచ్చేవన్నీ గోల్సే. గోల్స్ ఆపడానికి జీతం తీసుకున్న మనిషిని గోల్స్ కొట్టినందుకే గుర్తుపెట్టుకున్నాం. నాకైతే ఇది కాస్త అన్యాయం అనిపిస్తుంది. కానీ ఆ గోల్స్ దాటేసి ముందుకు పోవడం కుదరదు, అందుకే ముందు అవే చూసేద్దాం.

2014 మే 17. బార్సిలోనా సొంత గ్రౌండ్ క్యాంప్ నౌ. స్పెయిన్ లీగ్ ఆఖరి రోజు. గొడీన్ టీమ్ అట్లెటికో మాడ్రిడ్‌కి డ్రా అయితే చాలు, ఓడితే మాత్రం టైటిల్ బార్సిలోనాది. అరగంట కూడా కాకముందే అట్లెటికో ఆటగాళ్లు డియేగో కోస్టా, అర్దా తురాన్ ఇద్దరూ గాయాలతో బయటికి వెళ్లిపోయారు. ఆ వెంటనే బార్సిలోనాకి అలెక్సిస్ సాంచెజ్ గోల్. ఎంత టెన్షనో ఊహించుకోండి. సెకండ్ హాఫ్ మొదలవగానే గాబీ కార్నర్ కొట్టాడు, గొడీన్ అందరికన్నా పైకి ఎగిరి తలతో లోపలికి పంపాడు. 1-1. 1996 తర్వాత అట్లెటికోకి మొదటి లీగ్ టైటిల్. మ్యాచ్ అయ్యాక ఓడిన బార్సిలోనా అభిమానులే లేచి చప్పట్లు కొట్టారు.

సరిగ్గా వారానికి లిస్బన్‌లో యూరప్ క్లబ్‌ల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఎదురుగా రియల్ మాడ్రిడ్. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైన మ్యాచ్. 36వ నిమిషంలో రియల్ గోల్‌కీపర్ కసియాస్ గోల్ వదిలి ముందుకొచ్చేశాడు, గొడీన్ తల తగిలిన బంతి అతని మీదుగా వెళ్లి గీత దాటింది. ఆ ఒక్క గోల్ 93వ నిమిషం దాకా నిలిచింది. అప్పుడు రియల్ డిఫెండర్ సెర్హియో రామోస్ హెడర్‌తో స్కోరు సమం చేసేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో 4-1. ఆ రెండు నిమిషాలు ఆగి ఉంటే అట్లెటికో చరిత్రే వేరుగా ఉండేది.

ఇంకో నెలకి బ్రెజిల్‌లో వరల్డ్ కప్. ఇటలీ మీద ఉరుగ్వే తప్పక గెలవాలి. 81వ నిమిషంలో కార్నర్, మళ్లీ గొడీన్. నిజానికి అది హెడర్ కూడా కాదు, భుజానికీ వీపుకీ మధ్య ఎక్కడో తగిలి లోపలికి పోయింది. ఇటలీ ఇంటికి వెళ్లింది. కానీ ఆ మ్యాచ్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఉరుగ్వే స్ట్రైకర్ సువారెజ్ ఇటలీ డిఫెండర్ని కొరకడమే. పాపం గొడీన్.

సరే, గోల్స్ అయ్యాయి. ఇప్పుడు అసలు పని.

గొడీన్‌కి వేగం లేదు. ఇది అతన్ని తిట్టడం కాదు, అతని ఆట మొత్తం అక్కడి నుంచే పుట్టింది. కబడ్డీ చూసేవాళ్లకి తెలుసు, మంచి డిఫెండర్ రైడర్ వెంట పడడు, రైడర్ ఏ పక్కకి రావాలో ఆ పక్కకే వచ్చేలా నిలబడతాడు. గొడీన్ చేసింది అదే. స్ట్రైకర్‌ని ఆ స్ట్రైకర్‌కి బలం లేని కాలి వైపుకి తిప్పి, షాట్ కొట్టే ఆ ఒక్క క్షణంలో కాలో, ఛాతో, మొహమో అడ్డం పెట్టేవాడు. 2011 డిసెంబర్‌లో అట్లెటికోకి సిమియోనే కోచ్‌గా వచ్చాక టీమ్ మొత్తం వెనక్కి జరిగి, దగ్గర దగ్గరగా ఆడటం మొదలుపెట్టింది. గొడీన్ వెనకాల ఖాళీ స్థలం తగ్గిపోయింది, అతని బలహీనత కనపడకుండా పోయింది. పక్కన మొదట మిరాండా, తర్వాత సొంత దేశం కుర్రాడు హోసే హిమెనెజ్. అట్లెటికోకి 389 మ్యాచ్‌లు, 8 ట్రోఫీలు.

గొడీన్ అంటే ఏంటో ఒక్క సీన్‌లో చూపించమంటే మాత్రం నేను లిస్బన్ చూపించను. 2018 నవంబర్, అథ్లెటిక్ బిల్బావోతో అట్లెటికో మ్యాచ్. గొడీన్‌కి తొడ కండరం పట్టేసింది, పరిగెత్తలేడు. మూడు సబ్‌స్టిట్యూషన్లూ అయిపోయాయి. బయటికి వెళ్తే టీమ్ పది మందితో ఆడాలి. వెళ్లలేదు. నడవడమే కష్టంగా ఉన్నవాడు ముందుకెళ్లి ఫార్వర్డ్ ప్లేస్‌లో నిలబడ్డాడు. ఇంజురీ టైమ్‌లో బంతి అతని దగ్గరికే వచ్చింది. గోల్! లైన్స్‌మన్ ఆఫ్‌సైడ్ జెండా ఎత్తాడు, వీఏఆర్ (వీడియో రిఫరీ) చూసి గోల్ ఇచ్చారు. 3-2. కుంటుతూనే సెలబ్రేట్ చేసుకున్నాడు.

మైనస్‌లు కూడా చెప్పాలి కదా. 2019లో ఇంటర్ మిలాన్‌కి వెళ్లాడు. అక్కడి కోచ్ కోంటే ముగ్గురు డిఫెండర్ల సిస్టమ్‌లో పక్కలకి జరిగి పెద్ద ఏరియా కవర్ చేయాల్సి వచ్చేసరికి వయసు బయటపడింది. ఒక్క సీజన్‌తో సరి. చిత్రం ఏంటంటే, అక్కడ కూడా 2020 యూరోపా లీగ్ ఫైనల్లో సెవియా మీద హెడర్ గోల్ కొట్టాడు, మ్యాచ్ 3-2తో ఓడిపోయారు. రెండు యూరప్ ఫైనల్స్‌లో గోల్ కొట్టి రెండూ ఓడిపోవడం డిఫెండర్‌కి ఎంత దురదృష్టం! ఇక ఫౌల్స్ విషయంలో అతను సాధువేం కాదు. 2014లో ఇంగ్లండ్ మీద ఎల్లో కార్డు ఉండగానే ఇంగ్లండ్ స్ట్రైకర్ స్టర్రిడ్జ్ మీదకి చెయ్యి విసిరాడు. రెఫరీ వదిలేశాడు. నా లెక్కలో అది రెండో ఎల్లో, అంటే బయటికే.

దేశానికి 161 మ్యాచ్‌లు, నాలుగు వరల్డ్ కప్‌లు. లుగానో తర్వాత కెప్టెన్. 2018లో క్వార్టర్ ఫైనల్లో ఫ్రాన్స్ చేతిలో ఓడినప్పుడు గోల్ కొట్టిన గ్రీజ్‌మన్, అట్లెటికోలో గొడీన్ సహచరుడు, సంబరం చేసుకోలేదు. గ్రీజ్‌మన్ కూతురికి గాడ్‌ఫాదర్ ఎవరనుకున్నారు? గొడీనే. ఫ్రెంచివాడికి ఉరుగ్వే వాళ్ల మాతే టీ అలవాటైంది కూడా ఇలాంటి స్నేహాల వల్లే.

గొడీనా, రామోసా అని కామెంట్స్‌లో ఎలాగూ కొట్టుకుంటారు. బంతితో ఆడటంలో రామోస్ ఎక్కువ, నేను ఒప్పుకుంటాను. కానీ 1-0 లీడ్ ఉండి, ఇంకా పావుగంట ఆట ఉంటే, నా టీమ్‌లో నాకు గొడీనే కావాలి.

మీకు టైమ్ ఉంటే ఒక పని చేయండి. 2018 వరల్డ్ కప్‌లో సోచీలో జరిగిన ఉరుగ్వే, పోర్చుగల్ మ్యాచ్ సెకండ్ హాఫ్ మొత్తం చూడండి, క్లిప్స్ కాదు. కవానీ రెండో గోల్‌తో 2-1 అయ్యాక బంతిని వదిలేసి గొడీన్ 3వ నంబర్ జెర్సీనే ఫాలో అవ్వండి. పక్కవాళ్లకి చేత్తో ఎన్నిసార్లు సైగలు చేస్తాడో, క్రాస్ రాకముందే రెండడుగులు ఎటు జరుగుతాడో గమనించండి. రొనాల్డోకి ఆ రోజు గోల్ ఎందుకు దొరకలేదో అక్కడే ఉంది.