పోల్ తొలి ఆల్బమ్ '1': చిటపట తాళమైన తీరు

అందరికీ నమస్కారం. జర్మనీకి చెందిన స్టెఫాన్ బెట్కే 'పోల్' పేరుతో 1998లో తెచ్చిన తొలి ఆల్బమ్ '1' గురించి ఇవాళ మాట్లాడుకుందాం. వాల్డార్ఫ్ 4-పోల్ అనే అనలాగ్ ఫిల్టర్, అంటే శబ్దాన్ని వడకట్టే పెట్టె వల్ల వచ్చిన పేరది. 1996లో అది కిందపడి దెబ్బతింది, ఇక చిటపటలు, బుసలు మొదలుపెట్టింది. రిపేరుకు పంపాల్సిన ఆ పెట్టెనే బెట్కే వాద్యం చేసుకున్నారు.

ఆల్బమ్‌లో డ్రమ్స్ దాదాపు వినపడవు. మరి పోపులో ఆవాల్లా లెక్కాపత్రం లేకుండా పేలే చిటపట తాళం ఎలా అయింది? మూలం జమైకాలో ఉంది. 1970ల్లో కింగ్‌స్టన్‌లో కింగ్ టబ్బీ అనే సౌండ్ ఇంజనీర్ పాటలోంచి గొంతు తీసేసి, బేసూ డ్రమ్సూ మిగిల్చి, నచ్చిన ముక్కల్ని ఎకోలోకి వదిలేవారు. దాన్నే డబ్ అంటారు. 1993 నుంచి బెర్లిన్‌లో బేసిక్ ఛానల్ అనే సంగీతకారుల జంట ఆ పద్ధతిని టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతంలోకి తెచ్చింది. బెట్కే కూడా అదే ఊళ్లో డబ్‌ప్లేట్స్ అండ్ మాస్టరింగ్ అనే స్టూడియోలో రికార్డు కటింగ్, అంటే పాటను గాడిగా చెక్కే పని చేశారు.

మీరే చేసి చూడండి. టెంపో నిమిషానికి 80 బీట్లు పెడితే ఒక బీటు 750 మిల్లీసెకండ్లు. శబ్దాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే డిలే ఎఫెక్ట్‌ని అందులో ముప్పాతికకు, అంటే సుమారు 562కి పెట్టండి. ఫీడ్‌బ్యాక్, అంటే ప్రతిధ్వనిలో మళ్లీ డిలేలోకి వెళ్లే వంతు, 60 శాతం చాలు. ఒక్క చిటుకు పడితే దాని నాలుగో ప్రతిధ్వని సరిగ్గా మూడు బీట్ల తర్వాత వస్తుంది. అడ్డదిడ్డంగా పడ్డ శబ్దానికి చెవి అక్కడే లయ కట్టేస్తుంది. డిలేని శబ్దమంతా దాటి వెళ్లే ఇన్సర్ట్‌లో పెట్టొద్దు, కావాల్సినంతే విడిగా పంపే ఆక్స్ సెండ్‌లో పెట్టండి. ఏ చిటుకు ఎకోలోకి వెళ్లాలో మీ చెయ్యి నిర్ణయించాలి. అసలు సంగీతం ఆ చేతిలోనే ఉంది.

చాలామంది తప్పటడుగు వేసేది చిటపట దగ్గరే. పాత రికార్డు గరగరని రెండు బార్లు కోసి లూప్ చేస్తారు. నాలుగుసార్లు తిరిగేసరికి చెవి పట్టేస్తుంది, ప్రాణం పోతుంది. కనీసం నాలుగు నిమిషాలు ఏకబిగిన రికార్డ్ చేసుకోండి.

డిలే రిటర్న్‌లో, అంటే డిలే నుంచి తిరిగొచ్చే శబ్దంలో, 250 హెర్ట్జ్ కింద ఉన్న మంద్ర ధ్వనుల్ని కోసేయండి. లేకపోతే ప్రతి ఆవృత్తిలో అడుగు శబ్దం పేరుకుని బేసు బురద అవుతుంది. ఫీడ్‌బ్యాక్ 100 శాతం దాటితే ఎకో తగ్గదు, పెరుగుతూ పోతుంది, అందుకే శబ్దం తగ్గించి పెంచే ఫేడర్ మీంచి వేలు తీయకండి. బేసు మోనోలోనే, అంటే రెండు వైపులా ఒకేలా ఉంచండి. ఎడమ, కుడి తరంగాల ఫేజ్ ఎదురుపడితే వినైల్ రికార్డులో గాడి లోతు తప్పి సూది ఎగిరిపోతుంది.

ఇక ఈ ఆల్బమ్‌లోని 'మోడుల్' అనే పాట పెడుతున్నాను. ఇంటికెళ్లి విన్నా ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి, బేసు వినపడక సగం పాట మిస్సవుతారు.