రెండు తంత్రుల మీద కథ: కజక్ డోంబ్రా

శ్రోతలకు నమస్కారం.

మధ్య ఆసియాలోని కజకుల జానపద వాద్యాలలో ముందుగా చెప్పుకోవలసినది డోంబ్రా. చెక్కతో చేసిన బుర్ర, పొడవైన సన్నని దండి, రెండే రెండు తంత్రులు. పూర్వం ఆ తంత్రులను గొర్రె పేగులతో గాని మేక పేగులతో గాని పేనేవారు. ఇప్పుడు నైలాన్ వచ్చింది. గుర్రాలతో, గొర్రెల మందలతో ఋతువుకొక మేతభూమికి తరలిపోయే ప్రజలకు, జీనుకు తగిలించుకొని వెంట తీసుకుపోగలిగిన ఇలాంటి తేలికైన వాద్యమే అనువైనది.

డోంబ్రాపై పాట లేకుండా వాయించే రచనను క్యుయ్ అంటారు. చాలా క్యుయ్‌లు రెండు మూడు నిమిషాలలో ముగుస్తాయి గాని, ప్రతిదాని వెనుకా ఒక కథ ఉండడం, వాద్యకారుడు ముందుగా ఆ కథ చెప్పి తరువాత తంత్రులు మీటడం అక్కడి సంప్రదాయం. వాటిలో బాగా ప్రసిద్ధమైనది 'అక్సాక్ కులాన్', అంటే కుంటి అడవిగాడిద. చెంఘిజ్ ఖాన్ కుమారుడైన జోచీ ఖాన్ కొడుకు వేటకు వెళ్లి, గాయపడిన అడవిగాడిద చేతిలో మరణించాడట. ఆ దుర్వార్త తెచ్చినవాడి గొంతులో కరిగిన సీసం పోయిస్తానని ఖాన్ ముందే శాసించినందువల్ల నోరు విప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అప్పుడొక వాద్యకారుడు ఖాన్ ఎదుట కూర్చుని, మాటన్నది లేకుండా, మంద పరుగునూ వేటనూ తల్లడిల్లిన తండ్రి దుఃఖాన్నీ డోంబ్రాపైనే వినిపించాడు. ఖాన్‌కు విషయం అర్థమైంది. వార్త చెప్పింది డోంబ్రాయే కనుక శిక్ష దానికే పడింది; బుర్ర పలకపై కనిపించే రంధ్రం ఆ సీసం చేసినదేనని చెబుతారు. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యం. అయినా మాట చెప్పలేనిచోట వాద్యం చెప్పగలదన్న నమ్మకం కజకుల్లో ఎంత గాఢమైనదో దీనివల్ల తెలుస్తుంది.

వాయించే తీరులో ప్రధానమైనవి రెండు. కజకిస్తాన్ పశ్చిమ ప్రాంతపు 'తొక్పే' పద్ధతిలో కుడిచెయ్యి రెండు తంత్రులనూ కలిపి జోరుగా కొడుతుంది. మధ్య, తూర్పు ప్రాంతాల 'షెర్త్‌పే'లో వేళ్లు మెత్తగా మీటుతాయి. 19వ శతాబ్దపు కుర్మాన్‌గాజీ మొదటిదానికి మహాచార్యుడు. జైలు జీవితం చవిచూసిన ఈయన, కజక్ నాయకుడు ఇసతాయ్ తైమానొవ్ నడిపిన తిరుగుబాటును స్మరిస్తూ ఒక క్యుయ్ కట్టాడు. ఆయన శిష్యురాలు దీనా నుర్పెయిసొవా 1861లో పుట్టి 1955 వరకు జీవించినందువల్ల, స్వరలిపి లేకుండా చెవి ద్వారా అందుకున్న ఆ బాణీ సోవియట్ కాలపు వేదికల దాకా వచ్చింది.

1934లో సంగీతవేత్త అహ్మెత్ జుబానొవ్ చొరవతో ఏర్పడి, తరువాత కుర్మాన్‌గాజీ పేరు పెట్టుకున్న జానపద వాద్యబృందం డోంబ్రాను పెద్ద సభల్లోకి తెచ్చింది. ఆ గాంభీర్యం కాదనలేనిదే. అయితే పదుల డోంబ్రాలు ఒక్క తాళంలో నడవాలంటే, ఒక్కడు తనకు తోచినచోట ఆగి, తోచినచోట ఉరికే స్వేచ్ఛను వదులుకోవలసిందే. అందుకే క్యుయ్‌ను ఏకవాద్యంగా వినడమే నాకు ఇష్టం.

2014లో యునెస్కో ఈ కళను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంలో చేర్చింది. కొత్తగా వినేవారు కుర్మాన్‌గాజీ కట్టిన 'అదాయ్' అనే క్యుయ్‌తో మొదలుపెట్టవచ్చు. రేడియోలో వాద్యకారుడి ఎడమచెయ్యి కనబడదు కనుక ఒక్క గుర్తు చెబుతాను: చెయ్యి బిరడల దగ్గర మొదలై బుర్రవైపు జారినకొద్దీ స్వరం పైకెక్కుతుంది, బుర్ర అంచుకు చేరినప్పుడు రచన తారస్థాయిని అందుకుంటుంది, ఆపైన మళ్లీ కిందికి దిగివస్తుంది.